అన్నీ విన్న ధృతరాష్ట్రుడు

నాయకత్వం గురించి వెలువడుతున్న నేటి రచనలు వినడాన్ని ఒక నేర్పుగా పరిగణిస్తాయి. ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు అడ్డు తగలకపోవడం, అర్థం కానిదాన్ని మరొకసారి అడిగి తెలుసుకోవడం, అప్రియమైన మాటను కూడా ముఖం చిట్లించకుండా చివరిదాకా ఆలకించడం వంటి లక్షణాలు అలవడితే పాలన చక్కబడుతుందని అవి చెబుతాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈ లక్షణాలన్నీ ఉన్న ఒక పాలకుణ్ణి మహాభారతం పాఠకుడి ముందు నిలబెట్టి, అతని పాలనలోనే ఒక వంశం ఎలా నాశనమైందో చెప్పింది. ఆ పాలకుడు ధృతరాష్ట్రుడు. విదురుడి నీతిని ఆయన విన్నాడు, సనత్సుజాతుడి బ్రహ్మవిద్యను విన్నాడు, సంజయుడి నోట యుద్ధమంతా విన్నాడు, భగవద్గీతను సైతం విన్నాడు. ఇంత విన్నవాడు ఎందుకు విఫలుడయ్యాడన్న ప్రశ్న కేవలం రాజనీతికి చెందినది కాదు. మాటకూ మనసుకూ, జ్ఞానానికీ ఆచరణకూ ఉన్న సంబంధాన్ని విచారించిన తత్త్వశాస్త్రానికి కూడా అది చెందుతుంది.

ఉద్యోగపర్వంలో ప్రజాగరపర్వమనే ఉపపర్వం ఉంది. ప్రచలిత సంస్కృత పాఠంలో అది 33వ అధ్యాయం నుంచి 40వ అధ్యాయం వరకు సాగుతుంది. ప్రజాగరమంటే నిద్రలేమి. ఉపప్లావ్యంలో పాండవులను కలుసుకుని తిరిగివచ్చిన సంజయుడు ఆ రాత్రి రాజును మందలించి, ధర్మరాజు పంపిన సందేశాన్ని మర్నాడు సభలోనే వినిపిస్తానని చెప్పి వెళ్లిపోతాడు. రాబోయే మాట ఏమిటో తెలియని ఆందోళనతో ధృతరాష్ట్రుడికి కంటిమీద కునుకు రాదు. ఆయన విదురుణ్ణి పిలిపించి, తనకు నిద్ర ఎందుకు పట్టడం లేదో, కురువంశానికి ఏది మేలో చెప్పమని అడుగుతాడు. తెల్లవారేదాకా సాగిన ఆ సంభాషణే విదురనీతిగా ప్రసిద్ధికెక్కింది. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలను తెలుగు చేసిన తిక్కన నెల్లూరు పాలకుడైన మనుమసిద్ధి కొలువులో మంత్రిగా పనిచేసినవాడు. రాజుకు హితవు చెప్పడమంటే ఏమిటో, రాజు దాన్ని వినడమంటే ఏమిటో అనుభవంతో ఎరిగిన కవి చేతికి ఈ ఘట్టం చిక్కడం తెలుగువారి అదృష్టమనే చెప్పాలి. అయినా తెలుగు నాటక రంగం మీద కృష్ణ రాయబారానికి దక్కిన ఆదరణ ఈ రాత్రికి దక్కలేదు. వాదించేవాడికి పద్యాలున్నాయి కాని వినేవాడికి లేవు. ప్రేక్షకుడి చూపు సహజంగానే మాట్లాడేవాడి మీద నిలుస్తుంది.

విదురుడి సమాధానం సూటిగానే మొదలవుతుంది. బలవంతుడితో విరోధం పెట్టుకున్న దుర్బలుడికి, సర్వస్వం పోగొట్టుకున్నవాడికి, కాముకుడికి, దొంగకు నిద్ర పట్టదని చెప్పి, పరుల సొత్తు మీది ఆశ రాజును బాధించడం లేదు కదా అని ఆయన సున్నితంగా అడుగుతాడు. ఆపైన ఆయన చెప్పిన వాటిలో విరోచన సుధన్వుల వివాదం ప్రత్యేకంగా గమనించదగినది. కేశిని అనే కన్య విషయంలో ప్రహ్లాదుడి కుమారుడు విరోచనుడికీ, సుధన్వుడనే బ్రాహ్మణుడికీ ఎవరు శ్రేష్ఠులన్న తగవు వచ్చి, ఇద్దరూ ప్రాణాలు పణంగా ఒడ్డి, తీర్పు కోసం ప్రహ్లాదుడి దగ్గరికే వెళతారు. కొడుకు ప్రాణం తన నోటి మాట మీద ఆధారపడి ఉందని తెలిసి కూడా ప్రహ్లాదుడు తీర్పు చెప్పడానికి తొందరపడడు. తప్పుడు తీర్పు చెప్పినవాడి గతి ఏమిటని ప్రత్యర్థి అయిన సుధన్వుణ్ణే అడుగుతాడు. అలాంటివాడి రాత్రి జూదంలో ఓడినవాడి రాత్రిలా, సవతి వచ్చిన స్త్రీ రాత్రిలా గడుస్తుందని సుధన్వుడు చెప్పగా విని, కొడుకుకు వ్యతిరేకంగా తీర్పు ఇస్తాడు. ఆ సత్యనిష్ఠకు మెచ్చి సుధన్వుడు విరోచనుడి ప్రాణాన్ని తిరిగి ఇచ్చివేస్తాడు. ఒక తండ్రికి మరొక తండ్రి కథను, నిద్ర పట్టని రాజుకు నిద్రలేని రాత్రుల కథను ఇంతకంటే స్పష్టంగా చెప్పడం ఏ మంత్రికీ సాధ్యం కాదు.

ధృతరాష్ట్రుడు ఇదంతా శ్రద్ధగా విన్నాడు. మధ్యమధ్య మంచి ప్రశ్నలు వేశాడు, ఇంకా చెప్పమని కోరాడు, విదురుడి మాటలు ఎంత విన్నా తనివి తీరడం లేదన్నాడు. చివరికి ఆయన ఇచ్చిన సమాధానం మాత్రం ప్రపంచ సాహిత్యంలోనే అరుదైన ఆత్మపరిశీలన. విదురుడు చెప్పినదంతా సత్యమేననీ, తన బుద్ధి కూడా పాండవుల వైపే మొగ్గుతున్నదనీ, అయితే దుర్యోధనుడు ఎదురుపడగానే అది మళ్లీ వెనక్కి తిరిగిపోతుందనీ ఆయన ఒప్పుకుని, దైవాన్ని ఎవరూ దాటలేరనీ, పురుషకారం వ్యర్థమనీ తేల్చివేస్తాడు. దైవమంటే ఇక్కడ విధి, పురుషకారమంటే మనిషి తన పూనికతో చేసే ప్రయత్నం. తన మనసు ఎక్కడ జారుతుందో ఇంత కచ్చితంగా తెలిసినవాడు ఆ జారుడును ఆపే బాధ్యతను విధికి అప్పగించడమే ఈ మాటల్లోని అసలు విషాదం. వినడం ఆయనకు నిద్రమందు వంటిదైంది: ఆ రాత్రి గడవడానికి అది చాలింది, ఆ తర్వాతి పగటి నిర్ణయంతో దానికి సంబంధం లేకపోయింది.

ఇది ఆ ఒక్క రాత్రి దౌర్బల్యం కాదు. జూదం సాగుతున్న సభలో, ప్రతి పందెమూ గెలిచామా అని ఆయన ఆత్రంగా అడుగుతూ తన సంతోషాన్ని దాచుకోలేకపోయాడని సభాపర్వం చెబుతుంది. కళ్లు లేని రాజు ఆ రోజు సభను చెవులతోనే చూశాడు, చూడదలచుకున్నదే చూశాడు. పాండవులు అడవికి వెళ్లిన తర్వాత ఆయనే విదురుణ్ణి సలహా అడిగాడు, రాజ్యం తిరిగి ఇచ్చివేయమని విదురుడు చెప్పగానే కోపించి ఎక్కడికైనా పొమ్మన్నాడు, విదురుడు కామ్యకవనంలో పాండవుల దగ్గరికి చేరాక తాళలేక సంజయుణ్ణి పంపి మళ్లీ రప్పించుకున్నాడు. సలహా లేకుండా ఆయన ఉండలేడు, సలహా ప్రకారం నడవనూ లేడు. న్యాయంగా ఒక మాట మాత్రం ఆయన పక్షాన చెప్పాలి. విదురుడు దాసీపుత్రుడు, సంజయుడు సూతుడు; వీరి నోట తనపై నిందలు విన్నా ఆ రాజు వారి పుట్టుకను అడ్డం పెట్టుకుని నోరు మూయించలేదు. నేటి అధికారుల్లో ఎందరికి ఆ మాత్రం ఓర్పు ఉంటుందన్నది వేరే విషయం. ఓర్పుగా వినడమే నాయకత్వమైతే ధృతరాష్ట్రుడికి లోటు లేదు.

మరి లోపించినదేమిటి? ఈ ప్రశ్నకు వేదాంతంలో సమాధానం వెతకవచ్చు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మను తెలుసుకునే మార్గం చెబుతూ శ్రవణ, మనన, నిదిధ్యాసనాలనే మూడింటిని ప్రస్తావిస్తాడు. శ్రవణమంటే గురుముఖతః వినడం, మననమంటే విన్నదాన్ని యుక్తితో పరీక్షించి సందేహాలు తీర్చుకోవడం, నిదిధ్యాసనమంటే నిశ్చయమైన అర్థంలో మనసును ఎడతెగకుండా నిలపడం. ఇందులో మొదటిదాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు కాని శాస్త్రకారులు అలా తీసుకోలేదు. సదానందుడి వేదాంతసారం శ్రవణాన్ని తాత్పర్య నిర్ణయంగా నిర్వచించి, దానికి ఆరు గుర్తులు చెప్పింది: ఒక ప్రకరణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నది ఒకటి, ఏ మాట పదే పదే వచ్చిందన్నది రెండోది, మరెక్కడా దొరకని కొత్త సంగతి ఏమిటన్నది మూడోది; ఆ పైన ప్రయోజనం, ప్రశంస, యుక్తి. అంటే శబ్దం చెవిని చేరితే శ్రవణం ముగియదు. చెప్పినవాడి అభిప్రాయం ఏమిటో వినేవాడు తేల్చుకున్నప్పుడే అది పూర్తవుతుంది. ఈ కొలతతో చూస్తే విదురుడి ఎనిమిది అధ్యాయాల ఆద్యంతాలు పాండవుల భాగం ఇచ్చివేయాలన్న ఒక్క మాట మీదే నిలిచాయనీ, ఆ మాటే మళ్లీ మళ్లీ వచ్చిందనీ ధృతరాష్ట్రుడు గ్రహించాడు. కనుక శ్రవణంలో ఆయన తప్పలేదు. మననంలో కూడా పూర్తిగా తప్పలేదు, ఎందుకంటే విదురుడి మాట సత్యమని ఒప్పుకున్నాడు. నిశ్చయాన్ని దుర్యోధనుడి సమక్షంలో కూడా నిలుపుకోవడమనే మూడో మెట్టు దగ్గర ఆయన కూలిపోయాడు. తెలుగు పిల్లలకు పెద్దలు నేర్పే సుమతీ శతకం కూడా ఎవరు చెప్పినా వినమంటూనే, తొందరపడకుండా నిజానిజాలు తెలుసుకునేవాడినే నీతిపరుడంటుంది. వినడం అక్కడ కూడా తొలి మెట్టే.

ఈ విషయాన్ని భగవద్గీత మరింత తీక్ష్ణంగా చూపుతుంది. భీష్మపర్వం ఆరంభంలో వ్యాసుడు ధృతరాష్ట్రుడికి చూపు ఇస్తానంటే, బంధువుల వధను చూడలేననీ, అయితే యుద్ధ వృత్తాంతమంతా వినాలని ఉందనీ ఆయన కోరుకోగా, ఆ దివ్యదృష్టి సంజయుడికి దక్కింది. చూడడం కంటే వినడం ఆయనకు ఎందుకు సుఖమనిపించిందో ఊహించడం కష్టం కాదు; విన్నదానికి దూరం ఉంటుంది, చూసినదానికి ఉండదు. గీత మొత్తంలో ఆయన మాట్లాడినది మొదటి శ్లోకం ఒక్కటే. సుమారు 700 శ్లోకాల ఆ బోధకు యుద్ధభూమిలో అర్జునుడు శ్రోత, హస్తినాపురంలో ధృతరాష్ట్రుడు శ్రోత. మాటలు అవే, క్రమం అదే. చివర్లో కృష్ణుడు అర్జునుణ్ణి ఏకాగ్రచిత్తంతో విన్నావా, అజ్ఞానం వల్ల కలిగిన మోహం తొలగిందా అని అడిగితే, తొలగిందనీ, చెప్పినట్లు చేస్తాననీ అర్జునుడు బదులిస్తాడు. అంతకు కొంచెం ముందే, తాను చెప్పినదంతా బాగా విచారించి ఇష్టమైనట్లు చేయమని కృష్ణుడు అతనికి స్వేచ్ఛ ఇచ్చి ఉన్నాడు కాబట్టి ఆ అంగీకారం విధేయత వల్ల మాత్రమే వచ్చినది కాదు. ధృతరాష్ట్రుణ్ణి అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆయనంతట ఆయనా ఏమీ అనలేదు. యుద్ధవర్ణన సాగుతున్నకొద్దీ ఆయన దైవాన్ని నిందించడం, తప్పు నీదేనని సంజయుడు గుర్తుచేయడం పదే పదే కనిపిస్తాయి.

దీని నుంచి, నిజంగా వినడమంటే విన్నట్లు చేయడమేనని తీర్మానించడం తొందరపాటవుతుంది. చెప్పినవారందరి మాటా పాటించే నాయకుడు చివరిగా మాట్లాడినవాడి చేతిలో బొమ్మ అవుతాడు; ధృతరాష్ట్రుడి విషయంలో జరిగినది కూడా ఒక విధంగా అదే, ఎందుకంటే విదురుడు వెళ్లాక దుర్యోధనుడు వస్తాడు. ఈ చిక్కుకు రామాయణంలోని యుద్ధకాండ ఒక పరిష్కారం చూపుతుంది. విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి శరణు కోరినప్పుడు, అతన్ని చంపడమే మేలని సుగ్రీవుడు అంటాడు. రాముడు మిగిలినవారి అభిప్రాయం కూడా అడుగుతాడు. పరీక్షించమని అంగదుడు, గూఢచారిని పంపమని శరభుడు, వచ్చిన సమయమూ చోటూ అనుమానాస్పదమని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నించి తెలుసుకోమని మైందుడు అంటారు. హనుమంతుడు ఒక్కడే అతని మాటలోనూ ముఖంలోనూ కపటం కనిపించలేదనీ, వచ్చిన సమయం సరైనదేననీ చెబుతాడు. అందరూ చెప్పాక రాముడు, ఎక్కువమంది మాటను కాదని, తన మాట మీద పట్టుబట్టిన సుగ్రీవుణ్ణి కూడా సమాధానపరచి విభీషణుడికి అభయమిస్తాడు. ఇక్కడ గమనించవలసినది రాముడు ఎవరి మాట నెగ్గించాడన్నది కాదు. ఎవరి మాటనూ జవాబు లేకుండా వదిలిపెట్టలేదన్నది. సుగ్రీవుడి భయం తప్పని ఆయన అనలేదు, ఆ భయాన్ని మించిన ధర్మం శరణాగత రక్షణ అని కారణం చెప్పాడు. విన్నదానికి బద్ధుడు కావడమంటే అదే: ఒప్పుకుంటే ఆచరించడం, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పడం.

విభీషణుడు శరణు కోరడానికి ముందు లంకలో కూడా సభ జరిగింది. సీతను ఎత్తుకు రావడానికి ముందు అడగవలసిన సలహాను పని జరిగిపోయాక అడుగుతున్నావని కుంభకర్ణుడు రావణుణ్ణి తప్పుపట్టాడు. ముందే తీసుకున్న నిర్ణయానికి ఆమోదముద్ర వేయించుకునే సమావేశాలకు ఇంతకంటే పాత ఉదాహరణ దొరకదు. హితవు చెప్పిన విభీషణుడికి ఆ సభలో అవమానం మిగిలింది.

వినడాన్ని పాలకుడి స్వభావానికి వదిలివేయడం ప్రమాదకరమని కౌటిల్యుడు భావించినట్లుంది. అర్థశాస్త్రం మంత్రాలోచనను, అంటే రాజకార్యాల గురించి రహస్యంగా జరిపే చర్చను, ముగ్గురు నలుగురు మంత్రులతో జరపమని చెబుతుంది. ఒక్కడే ఉంటే అదుపు లేకుండా ప్రవర్తిస్తాడు, ఇద్దరే ఉంటే కూడబలుక్కుని రాజును లొంగదీస్తారు లేదా కలహించుకుని కార్యం చెడగొడతారు. ఎవరినీ చులకన చేయకుండా అందరి మాటా వినాలనీ, బాలుడు చెప్పినా అర్థవంతమైన మాటను పండితుడు ఉపయోగించుకోవాలనీ కూడా ఆ గ్రంథంలో ఉంది. రాజు దినచర్యలో పౌరుల, గ్రామీణుల పనులు చూడడానికి పగటివేళలో ఒక భాగాన్ని కేటాయించి, దర్శనం దొరకని రాజు చేత చుట్టూ ఉన్నవారు చేయదగినదాన్నీ చేయరానిదాన్నీ తారుమారు చేయిస్తారని హెచ్చరిస్తుంది. ఈ ఏర్పాటులో భక్తి లేదు, ఆదర్శం లేదు, మనుషుల బలహీనతల మీద చల్లని లెక్క ఉంది. ధృతరాష్ట్రుడి వంటి రాజుకు బహుశా ఇదే ఎక్కువ పనికివచ్చేది. ఏకాంతంలో ఒక్క విదురుడితో రాత్రంతా గడపడం కంటే, నలుగురి ఎదుట కారణం చెప్పవలసి రావడం ఆయన్ని కొంతైనా కట్టిపడేసేది.

అయితే సభ ఉన్నంత మాత్రాన వినికిడి ఉంటుందన్న హామీ కూడా లేదు. జూదసభలో ద్రౌపది వేసిన ప్రశ్నే అందుకు సాక్ష్యం. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, లేక ముందు ద్రౌపదిని ఓడాడా అని ఆమె ప్రాతికామి అనే దూత ద్వారా అడిగించి, ఆపైన సభలో నిలబడి మళ్లీ అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు, పెద్దలు తల వంచుకున్నారు, ధృతరాష్ట్రుడు మౌనం వహించాడు. కౌరవుల్లో చిన్నవాడైన వికర్ణుడు మాత్రమే ఈమె ప్రశ్నకు జవాబు చెప్పండని నిలదీస్తే, పెద్దల మధ్య కుర్రతనపు మాటలు మాట్లాడుతున్నావని కర్ణుడు అతన్ని కసిరాడు. కౌటిల్యుడు చెప్పిన బాలుడి మాట ఆ సభకు అక్షరాలా అందింది, అక్షరాలా తోసివేయబడింది. చివరికి రాజు కదిలినది ఎప్పుడంటే, అగ్నిహోత్ర గృహంలో నక్క ఊళపెట్టి, దానికి బదులుగా గాడిదలు ఓండ్రపెట్టినప్పుడు. ఆ అపశకునాలను విదురుడూ గాంధారీ ఎత్తిచూపాకే ఆయన ద్రౌపదికి వరాలిచ్చాడు. నిండు సభలో ఒక స్త్రీ అడిగిన ధర్మసందేహం కంటే నక్క కూత ఆయనకు స్పష్టంగా వినిపించింది. తన భయానికి సంబంధించిన శబ్దాన్ని మాత్రమే పట్టించుకునే చెవి ఎంతమంది సలహాదారులున్నా చెవిటిదే.

తొందర కూడా వినికిడిని చంపుతుందని అరణ్యపర్వం చివర వచ్చే యక్షప్రశ్నల కథ చెబుతుంది. ఆ భాగాన్ని తెలుగులో ఎఱ్ఱన రచించాడు. తన ప్రశ్నలకు జవాబు చెప్పి నీళ్లు తాగమన్న అదృశ్యవాణిని ధర్మరాజు నలుగురు తమ్ముళ్లూ విన్నారు. దాహం ముందు ఆ మాటను లెక్కచేయక కొలను గట్టున పడిపోయారు. ధర్మరాజుకు కూడా అంతే దాహం వేసింది, పైగా తమ్ముళ్ల శవాలు ఎదుట ఉన్నాయి. అయినా ఆయన ఆగి, అడిగినవాడెవరో తెలుసుకుని, ఒక్కొక్క ప్రశ్నకూ జవాబిచ్చాడు. ఆయన మనుమడి తరంలో పరీక్షిత్తు ఇదే పరీక్షలో తప్పాడు. భాగవతం ప్రకారం దాహంతో శమీక మహర్షి ఆశ్రమానికి వెళ్లి, సమాధిలో ఉన్న ముని మౌనాన్ని అవమానంగా భావించి ఆయన మెడలో చచ్చిన పామును వేశాడు. శాపం తగిలి ఏడు రోజుల గడువు మిగిలాక ఆ రాజే శుకుడి ఎదుట కూర్చుని భాగవతం విన్నాడు. నవవిధ భక్తులలో మొదటిదైన శ్రవణానికి సంప్రదాయం ఆయన్నే ఉదాహరణగా చెబుతుంది. రాజుగా వినలేకపోయినవాడు, కోరవలసినదేమీ మిగలనప్పుడు వినగలిగాడు. నాయకత్వానికి ఇందులో ఒక కఠినమైన సూచన ఉంది: తాను ఏదో పొందాలన్న ఆత్రుత ఉన్నంతసేపు ఎదుటివారి మాట, ఎదుటివారి మౌనం రెండూ వంకరగానే చేరతాయి.

ధర్మరాజును కూడా ఈ విషయంలో మచ్చలేనివాడిగా నిలబెట్టడం సాధ్యం కాదు. జూదానికి ఆహ్వానం తెచ్చిన విదురుడే అది అనర్థాలకు మూలమని చెప్పినా ఆయన వెళ్లాడు. రెండోసారి పిలిచినా మళ్లీ వెళ్లాడు. అయితే ఆ తప్పుల ఫలితాన్ని ఆయన విధి ఖాతాలో వేసి ఊరుకోలేదు. యుద్ధం గెలిచాక రాజ్యమే వద్దన్నంత దుఃఖంలో కూడా తమ్ముళ్ల మందలింపులను, ద్రౌపది ఎత్తిపొడుపును, వ్యాసుడి హితవును విని సింహాసనమెక్కాడు. అంపశయ్య మీద ఉన్న భీష్ముణ్ణి ప్రశ్నిస్తూ శాంతి, అనుశాసన పర్వాలంత విన్నాడు. ప్రతి జవాబుకూ మరొక సందేహం లేవదీశాడు. పట్టాభిషేకం కాగానే రాజ్యాంగ పదవుల నియామకాలు కూడా చేశాడు. మంత్రాలోచననూ సంధి, యుద్ధం మొదలైన ఆరు రాజనీతి ఉపాయాల విచారణనూ విదురుడికి అప్పగించాడు, ఆదాయ వ్యయాలనూ జరిగిన, జరగవలసిన పనుల లెక్కనూ సంజయుడికి అప్పగించాడు. ధృతరాష్ట్రుడు ఏళ్ల తరబడి విని పక్కన పెట్టినది ఈ ఇద్దరి మాటలనే.